విశాఖకు ఓడరేవు ఎలా వచ్చింది: ఒక కొండ, ఒక ఉప్పుటేరు, బోలెడంత ఇసుక

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. మచిలీపట్నం, భీమిలి, కాకినాడ లాంటి పాత రేవులు ఉండగా విశాఖే ఇంత పెద్ద ఓడరేవు ఎందుకు అయింది అన్నది మొదటిది. కుటుంబంతో మూడు రోజులకు వస్తున్నాం, బీచి, కైలాసగిరి అందరూ చెప్పేవే, ఊరి చరిత్ర తెలిసేలా ఏం చూడవచ్చు అన్నది రెండోది. రెండింటికీ కలిపే చెబుతాను. మొదటిదానికి జవాబు తెలిస్తే రెండోదానికి సగం దొరికినట్లే. నేను ఓడరేవులో పూడికతీత పనిలో ముప్పై రెండేళ్లు గడిపినవాడిని. అందరూ సముద్రం నీలం చూస్తే నేను దాని అడుగున ఎంత ఇసుక చేరిందో అని చూస్తాను. నా జవాబులో ఆ వంకర ఉంటుంది, ముందే చెబుతున్నాను.

విశాఖది సహజసిద్ధమైన ఓడరేవు అని మనమంతా బడిలో చదువుకున్నాం. అందులో నిజం సగమే. 1933కు ముందు ఇక్కడికి వచ్చిన ఏ పెద్ద ఓడా ఒడ్డును తాకలేదు. దూరాన లంగరు వేసుకుని ఊగుతూ ఉండేది. సరుకునూ మనుషులనూ మాసూలా పడవల్లో అలల మీదుగా చేరవేసేవారు. ఆ పడవకు మేకులు ఉండవు, పలకలను కొబ్బరి తాడుతో కుట్టేవారు. అల ఎత్తి నేలకు కొట్టినప్పుడు మేకులు దిగ్గొట్టిన పడవ పగులుతుంది, కుట్టిన పడవ కాస్త వంగి ఊరుకుంటుంది. కలకత్తా నుంచి మద్రాసు దాకా తూర్పు తీరమంతా ఇదే కథ. ఓడ లోపలికి వచ్చి నిశ్చింతగా నిలబడే చోటు ఒక్కటీ లేదు.

కారణం ఇసుక. నైరుతి రుతుపవనాల కాలంలో అలలు దక్షిణం నుంచి ఏటవాలుగా వచ్చి ఒడ్డును తాకుతాయి. ప్రతి అలా గుప్పెడు ఇసుకను ఎత్తి, కాస్త ఉత్తరానికి జరిపి వదులుతుంది. ఈశాన్య రుతుపవనాలు వచ్చాక కొంత వెనక్కి నడుస్తుంది కానీ అది తక్కువ. ఏడాది చివర లెక్క చూసుకుంటే లక్షల ఘనపు మీటర్ల ఇసుక మన తీరం వెంట ఉత్తరానికి ప్రయాణం చేసి ఉంటుంది. మీరు సముద్రంలోకి ఒక గోడ కడితే, దక్షిణం వైపు ఇసుక మేట వేస్తుంది, ఉత్తరం వైపు ఒడ్డు కోసుకుపోతుంది. ఒక కాలువ తవ్వితే, మరుసటి వానాకాలానికి పూడిపోతుంది. తూర్పు తీరంలో రేవు కట్టడం అంటే ఈ నడిచే ఇసుకతో ఏటా బేరం కుదుర్చుకోవడమే.

మీరు పేర్లు చెప్పిన పాత రేవులన్నీ ఈ బేరంలో ఏదో ఒక విధంగా ఓడిపోయినవే. గోల్కొండ నవాబుల కాలంలో మచిలీపట్నం నుంచి కలంకారీ బట్టలు పారశీకం దాకా వెళ్లాయి. అయితే కృష్ణ తెచ్చే ఒండ్రు వల్ల అక్కడ సముద్రం మైళ్ల దూరం నడుములోతే. పైగా నేల చదును, అడ్డం కొండ లేదు. 1864 నవంబరు 1 రాత్రి వచ్చిన ఉప్పెన సుమారు 30 వేల మందిని మింగేసింది. ఆ తర్వాత బందరు రేవు మునుపటి స్థితికి రాలేదు. కాకినాడకు హోప్ ఐలాండ్ ఇసుక దిబ్బ అడ్డుగా ఉంది, నీరు ప్రశాంతంగానే ఉంటుంది, కానీ గోదావరి ఒండ్రు వల్ల లోతు లేదు. అందుకే చాలాకాలం అక్కడ ఓడ బయటే నిలబడేది, సరుకు బార్జీల్లో వెళ్లేది. భీమిలికి కొండ ఉంది, డచ్చివారి పెట్టుబడి ఉంది. గోస్తని మొగ మాత్రం చిన్నది, ఇసుక మేటతో మూసుకుపోయే రకం. ఓడరేవుకు పెద్ద నది ఉంటే మంచిదని అనుకుంటాం. విశాఖకు పెద్ద నది లేకపోవడమే కలిసివచ్చింది.

ఇక్కడ ఉన్నవి వేరు. ఊరికి దక్షిణాన యారాడ కొండ సముద్రంలోకి మూతి చాచి పడుకుని ఉంటుంది. తెల్లవాళ్లు దానికి డాల్ఫిన్స్ నోస్ అని పేరు పెట్టారు. దక్షిణం నుంచి వచ్చే అలల జోరును ముందు అది తన మీద వేసుకుంటుంది. కొండ వెనుక మేఘాద్రి గెడ్డ, మరికొన్ని వాగులు కలిసి ఒక పెద్ద చిత్తడి. పోటుకు నీరు ఎక్కడం, పాటుకు బురద తేలడం. దాన్ని సముద్రంతో కలిపేది కొండ పక్కనుంచి సాగే సన్నని ఉప్పుటేరు. లోపల బురద, బయట ఇసుక, మధ్యలో కాపలాగా కొండ. ఇప్పుడు మీరు చూసే లోపలి హార్బరు మొత్తం ఆ బురదలోంచి తవ్వి తీసినది. ప్రకృతి ఇచ్చింది కొండను, పల్లాన్ని. రేవును ఇచ్చింది పార, పూడికతీత యంత్రం.

ఈ సంగతి కాగితం మీదికి 1858లోనే వచ్చింది. మధ్య పరగణాల, అంటే ఇప్పటి మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్ వైపు సరుకు బయటికి పోవడానికి తూర్పు తీరాన రేవు కావాలని ఆ ఏడాది ఒక సర్వే బృందం రాసింది. తర్వాత అరవై ఏళ్లు ఫైళ్లు తిరిగాయి, మన దేశంలో అది పెద్ద విశేషం కాదు. 1922లో బ్రిటిష్ నౌకాదళానికి చెందిన కర్నల్ కార్ట్‌రైట్ రీడ్ వచ్చి చూసి సరే అన్నాక కదలిక మొదలైంది. కట్టింది బెంగాల్ నాగపూర్ రైల్వే. 1927 నుంచి 1933 దాకా పని సాగింది, ఖర్చు 378 లక్షల రూపాయలు. రైల్వే వారు రేవు కట్టడం ఏమిటని అడగవచ్చు. రాయపూర్ నుంచి విజయనగరం దాకా కొండల్లోంచి వాళ్లు వేసిన రైలు మార్గం 1931 నాటికి పూర్తయింది. ఆ మార్గం మీద వచ్చే మాంగనీసు ఖనిజానికి చివర ఒక ఓడ కావాలి. ఈ ఊరి ఓడరేవు రైలు పట్టాకు కొనసాగింపుగా పుట్టింది, సముద్ర వర్తకులు కట్టుకున్నది కాదు.

ఇసుక సంగతి ఇంజనీరు డబ్ల్యూ.సి. యాష్ తేల్చిన తీరు నాకు ఇప్పటికీ ముచ్చటగా ఉంటుంది. కాలువ ముఖం దగ్గర పొడవాటి గోడ కట్టకుండా, రెండు పాత ఓడలను తెచ్చి, రాళ్లు నింపి ముంచేశారు. అవే అడ్డుకట్ట. వాటి చాటున నీరు నెమ్మదిస్తుంది, నీరు నెమ్మదించిన చోట ఇసుక దిగుతుంది. దిగిన చోటే పూడికతీత ఓడ కాచుకుని ఉండి తోడుకుంటుంది. అంటే ఇసుకను ఆపలేదు. వచ్చే దారిలో గొయ్యి తీసి అందులో పడేలా చేశారు. మేము దాన్ని ఇసుక బోను అనుకునేవాళ్లం. తోడిన ఇసుకను ఉత్తరం వైపు బీచికి పోస్తారు, లేకపోతే అక్కడి ఒడ్డు అరిగిపోతుంది. మీరు ఆర్కే బీచిలో చెప్పులు చేతపట్టుకుని నడిచే ఇసుకలో కొంత మావాళ్లు తోడి పోసిందే.

అక్కడ ఉన్నప్పుడు ఒక పని చేయండి. అల వెనక్కి పోయాక తడి ఇసుక మీద నల్లటి చారలు మిగులుతాయి. చాలామంది నూనె మరక అనుకుంటారు. గుప్పెడు తీసి అరచేతిలో పరిచి ఎండకు పెట్టి చూడండి. నల్లగా మెరిసేది ఇల్మనైటు, ఎర్రగా గాజుపొడిలా ఉండేది గార్నెట్. తెల్ల ఇసుక కంటే బరువు కాబట్టి అల వాటిని వెనక్కి లాక్కుపోలేదు. ఇవన్నీ తూర్పు కనుమల రాయి అరిగి వచ్చినవే. ఆ రాయికి భూగర్భ శాస్త్రంలో ఖోండలైట్ అని పేరు, కనుమల్లో ఉండే ఖోండు జాతి మీదుగా పెట్టారు. పిల్లలు వెంట ఉంటే ఒక అయస్కాంతం ముక్క తెచ్చుకోండి. గంటసేపు ఫోను అడగరు.

1933 అక్టోబరు 7న మొదటి ఓడ జలదుర్గ లోపలికి వచ్చింది. డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ లాంఛనంగా ప్రారంభించారు. అప్పుడు ఉన్నవి ఓడలు నిలిచే బెర్తులు మూడు, సరుకు ఏడాదికి లక్షా ముప్పై వేల టన్నులు. ఇప్పుడు ఏడాదికి ఏడు కోట్ల టన్నులు దాటింది. ఈ రెండు అంకెల మధ్య ఉన్నదే ఇవాళ్టి విశాఖ. తవ్విన బురదతో పల్లపు నేలలు మెరకయ్యాయి. ఆ మెరక మీద యార్డులు, గోదాములు లేచాయి.

ఈ మధ్యలో జరిగిన ఒక వింత చెప్పకుండా ముందుకు పోలేను. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు ఈ రేవు మీద బాంబులు వేశాయి, అదే రోజు కాకినాడ మీద కూడా. ఊరు సగం ఖాళీ అయింది. మా అమ్మమ్మ వాళ్లు వంటపాత్రలను నూతిలో దించి, ఎడ్లబండి కట్టుకుని కొత్తవలస వైపు పోయారట. తిరిగివచ్చాక పాత్రలు దొరికాయి కానీ నూతి తాడును ఎవరో పట్టుకుపోయారట. బాంబు గురించి కంటే ఆ తాడు గురించే ఆవిడ ఎక్కువసార్లు చెప్పేది. ఇరవై ఏళ్లు తిరగకుండానే, 1960లో, అదే జపాన్‌కు ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లోని బైలాడిల్లా కొండల ఇనుప ఖనిజం అమ్మడానికి ఒప్పందం కుదిరింది. ఆ ఖనిజం కిందికి దించడానికి కొత్తవలస నుంచి కిరండూల్ దాకా కొండలు తొలిచి రైలు మార్గం వేశారు. మీరు అరకు వెళ్తూ సొరంగాలు లెక్కపెట్టుకుంటూ, అద్దాల పెట్టెలో కూర్చుని ఫొటోలు తీసుకునే లైను అదే. శిమిలిగుడ స్టేషను దగ్గర అది సముద్ర మట్టానికి 996 మీటర్ల ఎత్తుకు ఎక్కుతుంది. యాత్రికుల కోసం కాదు, ఖనిజం వ్యాగన్ల కోసం ఎక్కింది. ఎదురుగా వచ్చే గూడ్సు బండికి దారి ఇవ్వడానికి మీ రైలు ఆగితే విసుక్కోకండి, ఆ లైనుకు యజమాని గూడ్సే.

ఖనిజం మోసే ఓడలు పెద్దవైపోయాయి, ఉప్పుటేరు కాలువలో పట్టవు. అందుకే కొండ ముందు, సముద్రంలోనే గోడలు కట్టి బయటి హార్బరు చేశారు. అది 1976లో మొదలైంది. చేపల రేవు దాని పక్కనే, పాత ఊరి వైపు ఉంటుంది.

కొండకు ఆవల, కాలువ అవతలి ఒడ్డున, సింధియా అనే జంక్షను ఉంది. మధ్యప్రదేశ్ సింధియా రాజులకూ దీనికీ నేరుగా సంబంధం లేదు. వాల్‌చంద్ హీరాచంద్ నడిపిన సింధియా నౌకా సంస్థ ఇక్కడ ఓడల కార్ఖానా పెట్టింది. 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. ఇక్కడ కట్టిన జలఉష అనే ఓడను 1948 మార్చి 14న నెహ్రూ నీటిలోకి వదిలారు. స్వతంత్ర భారతంలో కట్టి వదిలిన మొదటి సముద్రపు ఓడ అది. ఆ కార్ఖానా 1952లో ప్రభుత్వం చేతికి వచ్చి హిందుస్థాన్ షిప్‌యార్డు అయింది. కానీ బస్సు కండక్టరు నోట సింధియా అలాగే మిగిలిపోయింది.

ఉక్కు కథ మీకు తెలిసే ఉంటుంది, కాబట్టి క్లుప్తంగా చెబుతాను. 1966 అక్టోబరులో టి. అమృతరావు ఉక్కు కర్మాగారం కావాలని ఇక్కడ నిరాహార దీక్షకు కూర్చున్నారు. నవంబరు 1న ఊళ్లో కాల్పులు జరిగాయి. రాష్ట్రమంతా కలిపి 32 మంది ప్రాణాలు పోయాయి. 1970 ఏప్రిల్ 17న ఇందిరాగాంధీ ప్రకటన చేశారు, 1971 జనవరి 20న శంకుస్థాపన, 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు చేతుల మీదుగా జాతికి అంకితం. ఇరవై ఒక్క ఏళ్లు. ‘విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు’ అన్న నినాదం గురించి అందరూ రాస్తారు. దానికోసం భూములు ఇచ్చి లేచిపోయిన పల్లెల గురించి రాసేవాళ్లు తక్కువ. గాజువాక వైపు ఎవరైనా పెద్దవాళ్లతో మాట కలిస్తే మీ ఊరేదని అడగండి. పటంలో లేని పేరు చెబుతారు.

ఇక పాత చరిత్ర. రేవు 1933దే అయినా ఊరు పాతది. ఆంధ్ర రాజు ఒకరు కాశీకి పోతూ ఇక్కడ విడిది చేసి విశాఖేశ్వరుడికి గుడి కట్టించాడనీ, ఆ గుడిని సముద్రం మింగిందనీ ఒక ఐతిహ్యం. దానికి రుజువు అడగకండి, ఉన్నది ఊరిపేరే. రాతి మీద రాసినది కావాలంటే, చోళుల కాలపు శాసనాల్లో ఈ ఊరికి కులోత్తుంగ చోళ పట్నం అన్న పేరు కూడా కనిపిస్తుంది. సింహాచలం గుడిలో 11వ శతాబ్ది చివరి నాటి కులోత్తుంగుడి శాసనం ఉంది. 1516లో అక్కడికి వచ్చిన శ్రీకృష్ణదేవరాయల శాసనమూ ఉంది. సింహాచలం వెళ్తే దర్శనం అయ్యాక వెంటనే ప్రసాదం వరుసలోకి పరుగెత్తకుండా ఆ గోడలను ఒకసారి చూడండి. స్వామి ఏడాదంతా చందనం పూతలోనే ఉంటాడు. నిజరూపం కనిపించేది వైశాఖ శుద్ధ తదియ ఒక్కరోజే. ఆ రోజు మాత్రం కుటుంబంతో వెళ్లవద్దు, ఎందుకో అక్కడ వరుస చూస్తే తెలుస్తుంది.

ఇంగ్లీషువారు 1682లో ఇక్కడ వర్తక స్థావరం పెట్టారు. వాళ్లకు కావలసింది బట్టలు. వాటితోపాటు అనుకోకుండా ఒక చేతిపని ప్రపంచానికి పోయింది, దాని గురించి మన ఊళ్లోనే చాలామందికి తెలియదు. 18వ శతాబ్దంలో ఇక్కడి పనివాళ్లు ఏనుగు దంతంతో పెట్టెలు, కుర్చీలు, రాతబల్లలు చేసేవారు. నల్లచేవ కర్రలోనో గంధపు చెక్క మీదో దంతపు రేకులు పొదిగి, ఆ దంతం మీద సూదిమొనతో తీగలు, పువ్వులు గీసి, గీతల్లో నల్లని లక్క నింపేవారు. దూరాన చూస్తే సిరాతో గీసిన బొమ్మలా ఉంటుంది. నమూనాలు తెల్లదొరల ఇళ్ల సామానువి, తీగల వంపు మాత్రం మన అద్దకం బట్టల మీది వంపే. ఆ పెట్టెలు ఇప్పుడు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి, విజగపట్నం అన్న పేరుతోనే. ఇక్కడ మాత్రం ఆ పని చేసిన వీధి ఏదో చూపించేవాళ్లు కూడా లేరు. దంతం వ్యాపారం నిషేధం మంచిదే, దాన్ని తప్పు పట్టను. అయితే ఆ గీత గీయగల చేయి దానికి చాలా ముందే ఆగిపోయింది.

ఇంకో సంగతి ఓడకు సంబంధించినదే. 1780 అక్టోబరు 3న ఈ ఊళ్లో కంపెనీ సిపాయిలు తిరగబడ్డారు. హైదర్ అలీ మీద యుద్ధానికి మద్రాసు పోవాలని, ఓడ ఎక్కమని ఆజ్ఞ వచ్చింది. వాళ్లు ఎక్కం అన్నారు. అధికారుల మీద తుపాకులు పేలాయి. తిరుగుబాటు నిలవలేదు, కానీ 1857కు 77 ఏళ్ల ముందటి మాట ఇది. అలలు కొట్టే ఆ ఒడ్డు మీద, ఎదురుగా ఓడ ఊగుతూ ఉండగా జరిగింది. 1804 సెప్టెంబరులో అయితే ఫ్రెంచి అడ్మిరల్ లినోయి యుద్ధనౌకలతో వచ్చి, లంగరు వేసి ఉన్న ఇంగ్లీషు ఓడల మీద పడ్డాడు. జనం ఒడ్డున నిలబడి చూసి ఉండాలి, అంత దగ్గర.

ఇప్పుడు మీ మూడు రోజుల సంగతి.

మొదటి రోజు తెల్లవారకముందే లేవండి. పిల్లలు గొణుగుతారు, అయినా లేవండి. ఐదున్నరకల్లా చేపల రేవులో ఉండాలి. రాత్రి సముద్రంలోంచి వచ్చిన బోట్లు వరుసగా ఒకదాని భుజం ఒకటి రాసుకుంటూ నిలబడతాయి. ఐసు దిమ్మలను పిండి చేసే మిషను చప్పుడులో మాట వినపడదు, అయినా వేలంపాట సాగుతుంటుంది. వంజరం, చందువ, కానాగంతలు, సూర, రొయ్యలు, పీతలు, నేల మీద రాశులు. గంపకు పాట పెట్టేవాడు ఒకడు, కొనే ఆడవాళ్లు పదిమంది. వాళ్లు నోరు విప్పరు, కనుబొమ్మ ఎత్తితే వంద పెరిగినట్లు. నేను ముప్పై ఏళ్లు చూశాను, ఏ కనుబొమ్మకు ఎంతో నాకు ఇప్పటికీ పట్టుబడలేదు. పాత చెప్పులు వేసుకుని వెళ్లండి. 2023 నవంబరు 19 రాత్రి ఇక్కడే మంటలు లేచి సుమారు 40 బోట్లు కాలిపోయాయి. ఒక్కో బోటు మీద ఎన్ని కుటుంబాలు బతుకుతాయో ఆ వరుస చూస్తే అర్థమవుతుంది. ఒక్క మాట, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లకు వేట నిషేధం. ఆ రెండు నెలల్లో వస్తే కట్టేసిన బోట్లు, వలలు అల్లుకునే మనుషులు కనిపిస్తారు. అదీ చూడదగ్గదే, కానీ నేను చెప్పిన సందడి ఉండదు.

అక్కడి నుంచి పాత ఊరు దగ్గరే. సిటీ బస్సుల బోర్డు మీద పాత పోస్టాఫీసు అని ఉంటుంది, అక్కడ దిగితే సరి. కోట వీధి అన్న పేరు ఉంది, కోట లేదు. బురుజుపేట ఉంది, బురుజు లేదు. ఉన్నవి మూడు కొండలు, కొండలంటే గుట్టలే. ఒకదాని మీద మరియమాత చర్చి, ఒకదాని మీద ఇసాక్ మదీనా దర్గా, ఒకదాని మీద వేంకటేశ్వరస్వామి గుడి. సముద్రంలోంచి వచ్చేవాడికి ముందు కనిపించేవి ఈ మూడే. దర్గా ముందునుంచి పోయే ఓడలు జెండా దించి ఎత్తి వందనం చేసేవని చెబుతారు. ఈ మూడింటినీ మతసామరస్యానికి బొమ్మగా చూపించి ఉపన్యాసాలు ఇస్తుంటారు. నాకు తోచేది వేరు. సముద్రం మీద బతికేవాడికి మొక్కడానికి ఎన్ని కొండలు ఉంటే అంత ధైర్యం.

చర్చి ఉన్నది రాస్ కొండ. 19వ శతాబ్దంలో రాస్ అనే దొర అక్కడ ఇల్లు కట్టుకున్నాడు, తర్వాత అది ప్రార్థనా మందిరం అయింది. ఎక్కి దక్షిణం వైపు పిట్టగోడ దగ్గర నిలబడండి. కింద కాలువ, ఎదురుగా యారాడ కొండ, ఎడమవైపు సముద్రం. ఓపిక ఉంటే అరగంట ఆగండి. ముందు ఓడను లాగే టగ్గు బోట్లు రెండు కనిపిస్తాయి, బొద్దుగా, తమకే తొందర ఉన్నట్లు. వాటి వెనుక ఇళ్ల కప్పుల మీదుగా ఒక తెల్లటి అంతస్తుల మేడ మెల్లగా జరుగుతుంది. మేడ కాదు, ఓడ. పెంకుటిళ్లు, కేబుల్ తీగలు, ఆరేసిన చీరలు, వాటి వెనుక మనిషి నడక వేగంతో సాగిపోయే ఇనుపగోడ. చప్పుడు దాదాపు ఉండదు. బయటే ఓడ ఎక్కిన పైలట్ దాన్ని ఆ సన్నని దారిలో తిప్పుకుంటూ తెస్తాడు. ఒకవైపు కొండరాయి, ఇంకోవైపు ఊరు, అడుగున మేము తవ్విన లోతు. ఆ కాలువలో అడుగు లోతు తగ్గినా ఓడకు ఎన్ని వందల టన్నులు తక్కువ ఎక్కించాలో నాకు లెక్క ఉండేది. అందుకే ఓడ లోపలికి వెళ్లేదాకా ఇప్పటికీ గుండె కాస్త బిగబట్టుకుంటాను.

కొండ దిగి బురుజుపేట కనకమహాలక్ష్మి గుడికి వెళ్లండి. ఈ అమ్మవారికి గర్భగుడి కప్పు లేదు, ఆకాశమే కప్పు. నూతిలో దొరికిన విగ్రహం అంటారు, ఎడమ చేయి లేదు. ఎవరైనా నేరుగా అమ్మవారి దగ్గరికి వెళ్లి, పసుపు నీళ్లు తామే పోసి, కుంకుమ తామే పెట్టుకోవచ్చు. మధ్యలో పూజారి చేయి అక్కర్లేదు. మార్గశిర మాసం గురువారాల్లో మాత్రం అడుగు పెట్టడానికి సందు ఉండదు. అక్కడి నుంచి కురుపాం మార్కెట్ నాలుగు అడుగులు. ఇరుకు, అయినా నడవండి. సి.వి. రామన్ చదువుకున్న సెయింట్ అలోషియస్ బడి కూడా ఈ పాత ఊళ్లోనే ఉంది. ఆయన తండ్రి ఇక్కడి ఏవీఎన్ కాలేజీలో పాఠాలు చెప్పేవారు. శ్రీశ్రీ, ఆరుద్ర పుట్టిన ఊరు ఇదే. రావిశాస్త్రి నల్లకోటు వేసుకుని తిరిగిన కోర్టులూ ఇక్కడివే.

రెండో రోజు భీమిలి రోడ్డు పట్టుకోండి. ముందు తొట్లకొండ. 1970లలో నౌకాదళం స్థావరం కోసం సర్వే చేస్తుంటే బయటపడింది. రాతిలో తొలిచిన నీటి తొట్లు ఉన్నాయి కాబట్టి ఆ పేరు. స్తూపాలు, భిక్షువుల గదులు, తవ్వకాల్లో శాతవాహనుల నాణేలతోపాటు రోమన్ నాణేలు. భిక్షువులు కొండ ఎందుకు ఎక్కారో అక్కడి గాలే చెబుతుంది. కింద నీరు దొరకని చోట పైన వాననీటిని తొట్లలో పట్టుకున్నారు. ఎదురుగా సముద్రం, వచ్చే ఓడ గంట ముందే కనిపిస్తుంది. దారిలో ఎర్రమట్టి దిబ్బలు, వేల ఏళ్లుగా గాలి, నీరు కలిసి పోసినవి. అంచుల మీద ఎక్కవద్దు, పిల్లలను అసలు ఎక్కనీయవద్దు, కాలు పెడితే జారిపోతాయి.

భీమిలిలో డచ్చివారి సమాధులు చూడండి. 17వ శతాబ్దంలో వచ్చి 1825లో ఇంగ్లీషువారికి ఊరు అప్పగించి పోయారు. ఇక్కడి గోగునారను ప్రపంచ మార్కెట్‌లో బిమ్లీ జనపనార అనేవారు. మన పచ్చడి గోగుకు దాయాది మొక్క నార, గోనెసంచి అయి లోకం తిరిగింది. ఈ ఒడ్డు నుంచే ఉత్తరాంధ్ర కూలీలు ఆవిరి ఓడలెక్కి రంగూన్ పోయారు. మిల్లుల్లో, రేవుల్లో పనిచేసి, డబ్బు పంపి, కొందరు అక్కడే ఉండిపోయారు. 1942లో జపాన్ బాంబులకు కొందరు, 1962 తర్వాత అక్కడి సైనిక ప్రభుత్వం వల్ల ఇంకొందరు తిరిగి వచ్చారు. కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు అన్న పేరు వింటే అది ఈ కథ చివరి స్టేషను అనుకోండి.

మూడో రోజు మీ ఇష్టం. సింహాచలం పొద్దున్నే అయితే మంచిది. సాయంత్రం బీచి రోడ్డులో కురుసుర జలాంతర్గామిలోకి వెళ్లండి, 1969 నుంచి 2001 దాకా పనిచేసినది. లోపల నావికుడు పడుకునే అర చూస్తే, హాస్టల్లో గది చాలదని గొడవపడే పిల్లలు కాసేపు మాట్లాడరు. 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక, పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ ఈ కాలువ ముఖానికి దగ్గర్లోనే మునిగింది. అది ఇంకా అక్కడే అడుగున ఉంది.

ఎండ గురించీ ఒక మాట. ఈ ఊరు గిన్నె లాంటిది, ఉత్తరాన ఒక కొండల వరుస, దక్షిణాన ఒకటి. గాలి ఆడితే హాయి, ఆడకపోతే పొగా ఉక్కా గిన్నెలోనే తిరుగుతాయి. నవంబరు చివర నుంచి ఫిబ్రవరి దాకా రండి. అక్టోబరు, నవంబరు మొదట్లో తుపానుల భయం ఉంటుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు బీచి రోడ్డు చెట్లు ఒక్క పూటలో పోయాయి.

హోటలు ఎక్కడ తీసుకోవాలన్నది మిగిలింది. అందరూ బీచి ఎదురుగా తీసుకోమంటారు. నన్ను అడిగితే జగదాంబ జంక్షను దగ్గర తీసుకోండి, పాత ఊరికీ సముద్రానికీ సమాన దూరం. తెల్లవారుజామున చేపల రేవుకు ఆటో పది నిమిషాలు. దిగేటప్పుడు డ్రైవర్‌తో తిరుగు ప్రయాణం కూడా మాట్లాడుకోండి, చేపల వాసనతో వచ్చేవాళ్లను ఆ వేళ ఎవరూ ఎక్కించుకోరు.